నాన్నగారి టూ-ఇన్-వన్‌ను గిటార్ యాంప్‌గా మార్చాలి, ఎక్కడ మొదలుపెట్టను?

మల్కాపురం తీగలు | శనివారం రాత్రి 9:20

అందరికీ నమస్కారం. మా నాన్నగారి పాత టూ-ఇన్-వన్ ఒకటి అటక మీద ఉంది. రెండు స్పీకర్లు, మధ్యలో క్యాసెట్ తలుపు, పైన రేడియో ముల్లు, వెనక ఆరు పెద్ద బ్యాటరీలు పట్టే అర. ఓడ మీద పనిచేసే మా పెదనాన్న 1980ల చివర్లో సింగపూర్ నుంచి తెచ్చారు. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ వచ్చి కరెంటు లేని రోజుల్లో మా ఇంట్లో పలికింది ఇదొక్కటే. నాన్నగారు దాన్ని ఒళ్లో పెట్టుకుని వరండాలో కూర్చునేవారు.

ఆయన పోయి రెండేళ్లయింది. మొన్న దించి చూస్తే క్యాసెట్ తిరగడం లేదు. రేడియో వస్తోంది కానీ వాల్యూమ్ తిప్పితే బరబర. నేను ఈ మధ్యే ఎలక్ట్రిక్ గిటార్ నేర్చుకుంటున్నాను. ఈ సెట్‌లోంచి గిటార్ వినిపిస్తే బాగుంటుందని మనసులో పడింది. పక్కనున్న మైక్ రంధ్రంలో కన్వర్టర్ పెట్టి గిటార్ గుచ్చాను. రికార్డ్ మీట నొక్కితే తప్ప ఏమీ రాలేదు. నొక్కాక కూడా దుప్పటి కప్పినట్టు మందంగా, చిన్నగా వచ్చింది.

ఇది అయ్యే పనేనా? సోల్డరింగ్ ఐరన్ పట్టడం వచ్చు. సర్క్యూట్ చదవడం రాదు.

బీచ్ రోడ్ బేస్ | శనివారం రాత్రి 9:48

అన్నా, అయ్యే పనే. నేను బేస్ గిటార్ మీద ప్రయత్నించి ఒక స్పీకర్ పోగొట్టుకున్నాను కాబట్టి ముందు ఒక మాట చెప్తాను: మీది మామూలు గిటార్ అయితేనే చెయ్యండి. గిటార్ లావు తీగ 82 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది, బేస్ లావు తీగ 41 దగ్గర. టేప్ రికార్డర్‌లో ఉండే నాలుగంగుళాల కాగితం కోను ఆ 41ని పలికించలేదు. వినపడలేదు కదా అని మనం వాల్యూమ్ పెంచుతాం, కోను ఊగి ఊగి చిరుగుతుంది.

కంచరపాలెం రిపేరు | శనివారం రాత్రి 10:35

బాబూ, నేను ముప్పై ఏళ్లు రేడియో, టేపుల రిపేరు షాపు నడిపాను. ఇప్పుడు మూసేశాను కానీ పెట్టె విప్పితే చెయ్యి ఊరుకోదు. మీ సెట్ బతికే ఉంది. రేడియో వస్తోందంటే సగం పని అయినట్టే, ఎందుకంటే లోపలున్న పవర్ ఐసీ (స్పీకర్లను మోగించే చిప్), స్పీకర్లు, కరెంటు సప్లై మూడూ పనిచేస్తున్నాయని అర్థం. గిటార్‌కు కావలసినవీ ఆ మూడే.

ముందు మీరు మైక్ రంధ్రంలో గుచ్చితే ఏమైందో చెప్తాను. ఆ రంధ్రం క్యాసెట్ మీద రికార్డు చెయ్యడానికి. అందుకే రికార్డ్ మీట నొక్కితే తప్ప దారి తెరుచుకోదు. నొక్కాక మీ గిటార్ ఆటోమేటిక్ లెవెల్ సర్క్యూట్ గుండా వెళ్తుంది. గట్టిగా మీటితే అది నొక్కేస్తుంది, మెల్లగా మీటితే పైకి లాగుతుంది. చేతి బరువు అంతా పోతుంది. పైగా చాలా సెట్లలో మైక్‌తో రికార్డు చేస్తున్నప్పుడు కూత రాకుండా స్పీకర్‌ను కట్ చేస్తారు. మీ దాంట్లో చిన్నగా అయినా వచ్చిందంటే అదృష్టం.

గిటార్‌ను ఎక్కడ పెట్టాలంటే, వాల్యూమ్ కంట్రోల్ దగ్గర. స్టీరియో కంట్రోల్‌కు ఆరు కాళ్లు ఉంటాయి, మూడు ఎడమకి, మూడు కుడికి. ప్రతి మూడింట్లో ఒకటి గ్రౌండ్, మధ్యది పవర్ ఐసీకి పోయేది, మూడోది రేడియో, టేపు నుంచి వచ్చేది. ఆ మూడో కాలు మీద మన సిగ్నల్ పడాలి. కనిపెట్టడం సులువు: సెట్ ఆన్ చేసి, వాల్యూమ్ పావు వంతు పెట్టి, ప్లాస్టిక్ పిడి స్క్రూడ్రైవర్ మొనను ఒక్కో కాలికి తాకించండి. తాకినప్పుడు స్పీకర్‌లో గుయ్యిమనాలి. గ్రౌండ్ కాలు మోగదు. మధ్య కాలు మోగుతుంది. మూడోది వాల్యూమ్ పెంచేకొద్దీ ఎక్కువ మోగుతుంది, సున్నాకి తిప్పితే ఆగిపోతుంది.

ఇదంతా బ్యాటరీల మీదే చెయ్యండి. కరెంటు వైరు గోడ నుంచి తీసి పక్కన పడెయ్యండి. ఈ మాట మళ్లీ మళ్లీ చెప్తాను, విసుక్కోవద్దు.

ఈసీఈ మూడో ఏడు | శనివారం రాత్రి 11:10

మాస్టారు చెప్పినదానికి ఒకటి కలుపుతాను. గిటార్‌ను నేరుగా ఆ కాలికి కలిపినా దుప్పటి పోదు. కారణం ఇంపీడెన్స్, అంటే సిగ్నల్‌కు ఎదురయ్యే అడ్డు.

గిటార్ పికప్ అంటే అయస్కాంతం చుట్టూ వేల చుట్లు చుట్టిన సన్నటి రాగి తీగ. ఒక మామూలు పికప్ తీసుకుంటే రెసిస్టెన్స్ ఒక 7 కిలోఓమ్‌లు, ఇండక్టెన్స్ ఒక 3 హెన్రీలు అనుకుందాం. వాల్యూమ్ కంట్రోల్ 10 కిలోఓమ్‌లది అయితే రెండూ కలిసి 900 హెర్ట్జ్ దగ్గర నుంచే పైస్వరాలను తినేస్తాయి. గిటార్‌కు మెరుపు వచ్చేది రెండు మూడు వేల హెర్ట్జ్ పైన. అదంతా పోతుంది. అందుకే గిటార్ యాంపులన్నీ ఇన్‌పుట్ దగ్గర సుమారు 1 మెగఓమ్ పెడతాయి, పికప్ మీద బరువు పడకుండా.

కాబట్టి గిటార్‌కీ సెట్‌కీ మధ్య ఒక బఫర్ కావాలి. గిటార్ వైపు 1 మెగఓమ్‌లా కనబడాలి, సెట్ వైపు బలంగా తోయాలి. ఒక ఐసీ, పది పార్టులు. పవర్ యాంప్ మార్చడం, స్పీకర్ మార్చడం లాంటివేవీ ఇప్పుడు అక్కర్లేదు. ఈ చిన్న ముక్క సరిగ్గా ఉంటే మిగతా సెట్ దాని పని అది చేసుకుంటుంది.

క్యాసెట్ అభిమాని | ఆదివారం ఉదయం 7:05

నాది వేరే గొంతు, కోపం తెచ్చుకోవద్దు. అటువంటి సెట్‌ను కోసేయకండి. క్యాసెట్ తిరగకపోవడానికి నూటికి తొంభై సార్లు కారణం బెల్టు. ముప్పై ఏళ్లకు రబ్బరు కరిగి తారులా అవుతుంది. తలుపు వెనక పుల్లీకి నల్లగా అంటుకుని ఉంటుంది చూడండి. స్పిరిట్‌తో తుడిచి కొత్త బెల్టు వేస్తే తిరుగుతుంది. యూట్యూబ్‌లో చూసి క్యాసెట్ భాగాలన్నీ పీకి చెత్తలో వేసి, ఆ ఖాళీలో బోర్డు పెడుతున్నారు. మీ నాన్నగారి గొంతు ఉన్న క్యాసెట్ ఇంట్లో ఎక్కడైనా దొరికితే అప్పుడు దేంట్లో వింటారు?

మల్కాపురం తీగలు | ఆదివారం ఉదయం 8:30

మీ చివరి వాక్యం చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను. ఉంది. అక్క పెళ్లప్పుడు ఆయన మాట్లాడింది ఒక క్యాసెట్ ఉండాలి. వెతుకుతాను.

సరే, అయితే నా షరతు ఇది: ఏదీ పీకకూడదు, ముందు వైపు రంధ్రం పెట్టకూడదు, వద్దనుకుంటే మళ్లీ యథాతథంగా వచ్చేయాలి. అలా కుదురుతుందా?

కంచరపాలెం రిపేరు | ఆదివారం ఉదయం 9:15

కుదురుతుంది, అదే మంచి పద్ధతి. రేడియో-టేపు స్విచ్ నుంచి వాల్యూమ్ కంట్రోల్‌కు వచ్చే వైర్లు రెండుంటాయి, ఎడమ కుడి. వాటిని విప్పి ఒక ఆరు కాళ్ల టాగుల్ స్విచ్‌కు కట్టండి. మధ్య కాళ్లు రెండూ వాల్యూమ్ కంట్రోల్‌కి. ఒక పక్క కాళ్లకు పాత వైర్లు. ఇంకో పక్క కాళ్లకు గిటార్. స్విచ్ ఇటు వేస్తే రేడియో, టేపు. అటు వేస్తే గిటార్. రేపు వద్దనుకుంటే రెండు వైర్లు పాత చోట అతికిస్తే సరి. విప్పేముందు ఫోన్‌తో నాలుగు వైపులా ఫొటోలు తియ్యండి.

జాక్ కోసం వెనక చూడండి. పనికిరాని రంధ్రాలు ఒకటి రెండు ఉంటాయి, పాత డిన్ సాకెట్ లాంటివి. పీ-38 జాక్‌కు (గిటార్ వైరు పట్టే పావంగుళం జాక్) పది మిల్లీమీటర్ల రంధ్రం చాలు. డిన్ సాకెట్ తీసి ఒక చిన్న అల్యూమినియం ముక్క అడ్డుపెట్టి దాంట్లో జాక్ బిగిస్తే డొక్కు మీద గీత కూడా పడదు.

ఇక మన విశాఖ సంగతి. సముద్రానికి దగ్గరగా ఉన్న ఇళ్లలో ఉప్పు గాలికి సెట్ లోపల స్విచ్‌లకు, బ్యాటరీ స్ప్రింగులకు చిలుము పట్టేస్తుంది. మల్కాపురం, పెదవాల్తేరు, జాలారిపేట నుంచి నా దగ్గరికి వచ్చిన సెట్లలో సగం జబ్బులు ఇవే. మీ బరబర కూడా అదే అయి ఉంటుంది. కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే గొట్టాన్ని వాల్యూమ్ కంట్రోల్ సందులో పెట్టి రెండు చుక్కలు కొట్టి, ఇరవై ముప్పై సార్లు అటూ ఇటూ తిప్పండి. రేడియో-టేపు స్విచ్‌కు, లోపల పొడుగ్గా ఉండే రికార్డు స్విచ్‌కు కూడా. కొబ్బరినూనె, కుట్టుమిషన్ నూనె వెయ్యొద్దు. వేసిన వారం బాగుంటుంది, తర్వాత దుమ్ము పట్టి జిగురైపోతుంది.

బ్యాటరీ కారి ఉంటే ఏ రకం బ్యాటరీయో చూసి కడగండి. మామూలు ఎర్ర, నీలం బ్యాటరీలది ఆమ్ల గుణం, వంటసోడా కలిపిన తడి బట్టతో పోతుంది. ఆల్కలైన్ బ్యాటరీలది క్షార గుణం, దానికి వెనిగర్. తర్వాత స్పిరిట్‌తో తుడిచి ఎండబెట్టండి.

సీతమ్మధార వీణ | ఆదివారం ఉదయం 11:40

మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. మా అమ్మాయి వీణ నేర్చుకుంటోంది. బొబ్బిలి వీణ, ఒకే పనస మొద్దులో తొలిచింది. గుడిలో నవరాత్రులకు పదిమంది పిల్లలు కలిసి వాయిస్తారు, మృదంగం మోగితే వీణ వినబడదు. ఇంట్లో ఒక పాత సీడీ టేప్ సెట్ ఉంది, మోసుకెళ్లడానికి వీలుగా ఉంటుంది. పీజో బిళ్ల (కంపనాన్ని కరెంటు సిగ్నల్‌గా మార్చేది) ఒకటి కొని కుండ మీద అతికించి, సెట్ వెనకున్న ఆక్స్‌లో (బయటి సిగ్నల్ లోపలికి ఇచ్చే రంధ్రం) పెట్టాము. రేకు డబ్బా కొట్టినట్టు వచ్చింది. వీణ నాదం పూర్తిగా పోయింది. మీరు చెప్పే బఫర్ దీనికి కూడా పనికొస్తుందా?

ఈసీఈ మూడో ఏడు | ఆదివారం మధ్యాహ్నం 12:25

అమ్మా, మీకు ఇంకా ఎక్కువ పనికొస్తుంది. గిటార్‌లో పైస్వరాలు పోతే, మీకు కింది స్వరాలు పోతున్నాయి. పీజో బిళ్ల కెపాసిటర్ లాంటిది. 27 మిల్లీమీటర్ల బిళ్ల సుమారు 20 నానోఫారడ్‌లు ఉంటుంది. ఆక్స్ ఇన్‌పుట్ 10 కిలోఓమ్‌లు అయితే 800 హెర్ట్జ్ కంటే కిందివన్నీ పలచబడతాయి. వీణ మంద్ర, మధ్య స్థాయిలు దాదాపు అంతా ఆ కిందే ఉంటాయి కదా. మిగిలేది మీటు శబ్దం, మెట్టు మీద గోరు శబ్దం. అందుకే రేకు డబ్బా. అదే బిళ్లను 1 మెగఓమ్ ముందు పెడితే ఆ హద్దు 8 హెర్ట్జ్‌కు దిగిపోతుంది, అంటే మొత్తం నాదం వస్తుంది.

మీరు సెట్ విప్పాల్సిన పని కూడా లేదు. ఆక్స్ ఉంది కాబట్టి బఫర్‌ను విడిగా ఒక చిన్న స్టీలు డబ్బాలో, సొంత 9 వోల్టుల బ్యాటరీతో పెట్టుకోవచ్చు. స్టీలు డబ్బాను సర్క్యూట్ గ్రౌండ్‌కు కలిపితే హమ్ కూడా లోపలికి రాదు. మీ సీడీ సెట్ లాంటివాటిలో వాల్యూమ్ చాలావరకు ఐసీ చేస్తుంది, మాస్టారు చెప్పిన ఆరు కాళ్లు దొరకవు. కాబట్టి మీకు ఆక్స్ దారే సరైనది.

కంచరపాలెం రిపేరు | ఆదివారం మధ్యాహ్నం 1:50

అమ్మా, బిళ్లను ఫెవిక్విక్‌తో అతికించారా? అయితే దాన్ని పీకొద్దు, పాలిష్ లేచిపోతుంది. వీణలు చేసేవారికి చూపించి తీయించండి. ఇకముందు మైనంతో పెట్టండి. మెట్లు నిలబెట్టేది మైనంలోనే కదా, వీణకు అది కొత్త పదార్థం కాదు. బఠాణీ గింజంత ముద్ద, గుర్రానికి (తీగలు ఆనే వంతెన) పక్కగా కుండ పలక మీద. గుర్రం దగ్గరైతే తీగ శబ్దం ఎక్కువ, దూరం జరిపేకొద్దీ చెక్క శబ్దం ఎక్కువ. మైనం కాబట్టి జరిపి జరిపి వినొచ్చు.

ఈసీఈ మూడో ఏడు | ఆదివారం రాత్రి 8:15

ఇద్దరికీ సరిపడే బఫర్ రాస్తున్నాను. జీపీ బోర్డు (రంధ్రాలుండే సాదా బోర్డు) మీద వేసుకోవచ్చు.

ఐసీ టీఎల్ 071. టీఎల్ 072 (ఒకే ఐసీలో రెండు 071లు) దొరికితే సగం వాడుకోండి, కానీ వాడని సగాన్ని గాల్లో వదలకుండా దాని మైనస్ ఇన్‌పుట్‌ను దాని అవుట్‌పుట్‌కు, ప్లస్‌ను 4.5 వోల్టులకు కట్టండి. 9 వోల్టుల నుంచి గ్రౌండ్‌కు రెండు 10 కిలోఓమ్ రెసిస్టర్లు వరుసగా, వాటి మధ్య బిందువు 4.5 వోల్టులు, అక్కడి నుంచి గ్రౌండ్‌కు 47 మైక్రోఫారడ్. జాక్ నుంచి 10 కిలోఓమ్, ఆ తర్వాత గ్రౌండ్‌కు 100 పికోఫారడ్, ఆ తర్వాత 0.1 మైక్రోఫారడ్ గుండా ఐసీ ప్లస్ ఇన్‌పుట్‌కు. ప్లస్ ఇన్‌పుట్ నుంచి 4.5 వోల్టులకు 1 మెగఓమ్. అవుట్‌పుట్ నుంచి మైనస్ ఇన్‌పుట్‌కు 33 కిలోఓమ్, మైనస్ నుంచి గ్రౌండ్‌కు 10 కిలోఓమ్, దాంతో వరుసగా 1 మైక్రోఫారడ్. దీంతో నాలుగు రెట్లు పెరుగుతుంది. అవుట్‌పుట్ నుంచి 1 మైక్రోఫారడ్, ఆపైన ఎడమకి ఒక 10 కిలోఓమ్, కుడికి ఒక 10 కిలోఓమ్.

మొదట పెట్టిన 10 కిలోఓమ్, 100 పికోఫారడ్ జంటను అనవసరమని తీసేయొద్దు. మన ఊళ్లో మీడియం వేవ్ ఆకాశవాణి 927 కిలోహెర్ట్జ్ మీద బలంగా వస్తుంది. గిటార్ వైరే ఏరియల్ అయిపోతుంది. ఆ జంట 160 కిలోహెర్ట్జ్ పైన ఉన్నవాటిని అడ్డుకుంటుంది.

వీణకు: 33 కిలోఓమ్ తీసి ఆ చోట నేరుగా వైరు పెట్టండి, పెంపు ఒక్క రెట్టే చాలు. బిళ్లను పొరపాటున తడితే ఒక్కోసారి వోల్టుల్లో దెబ్బ కొడుతుంది. ఐసీ ప్లస్ ఇన్‌పుట్ నుంచి రెండు 1ఎన్ 4148 డయోడ్‌లు, ఒకటి సప్లై వైపు, ఒకటి గ్రౌండ్ వైపు, మామూలుగా కరెంటు పారని దిశలో పెట్టండి.

మా ల్యాబుల్లో ఎఫ్ఈటీ (ఒక రకం ట్రాన్సిస్టర్) అంటే బీఎఫ్‌డబ్ల్యూ 10 ఇస్తారు. దాంతో కూడా బఫర్ చెయ్యొచ్చు, పార్టులు తక్కువ. కానీ ఏ పీసుకు ఆ పీసు తేడా, సోర్స్ దగ్గర వోల్టేజీ కొలిచి రెసిస్టర్ మార్చుకోవాలి. మొదటిసారి చేసేవాళ్లకు ఐసీయే నయం.

కూర్మన్నపాలెం | సోమవారం ఉదయం 6:50

మా తాతగారి వాల్వు రేడియో ఉంది, చెక్క పెట్టె. వాల్వు శబ్దం గిటార్‌కు బాగుంటుందంటారు కదా, దాంట్లోనే జాక్ పెట్టేస్తే?

కంచరపాలెం రిపేరు | సోమవారం ఉదయం 7:20

పెట్టొద్దు. దయచేసి పెట్టొద్దు.

బాబూ, గిటార్ తీగలు జాక్ గ్రౌండ్‌కు కలిసి ఉంటాయి. అంటే గ్రౌండ్ ఎక్కడికి పోతే మీ చెయ్యి అక్కడికి పోయినట్టే. ఏసీ-డీసీ అని రాసి ఉండే పాత వాల్వు సెట్లలో ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు. గోడలోని రెండు వైర్లలో ఒకటి నేరుగా ఛాసిస్ రేకుకు కలిసి ఉంటుంది. ప్లగ్గు తిరగేసి పెడితే ఆ రేకు మీద 230 వోల్టులు. చెక్క పెట్టె, ప్లాస్టిక్ మీటలు ఉన్నాయి కాబట్టి తాతగారు బతికారు. మీరు దానికి జాక్ పెడితే గిటార్ తీగల మీద 230 వోల్టులు. ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న వాల్వు సెట్‌లో కూడా లోపల రెండు మూడు వందల డీసీ వోల్టులు ఉంటాయి, ఆపేశాక కూడా కండెన్సర్లలో (కెపాసిటర్లలో) నిలిచి ఉంటుంది. నేను కొత్తగా షాపు పెట్టిన రోజుల్లో ఆపేసిన సెట్ అని చెయ్యి పెట్టి బల్ల మీద నుంచి కిందపడ్డాను. కుడి చెయ్యి సాయంత్రం దాకా నాది కానట్టు ఉంది.

ఈ చర్చలో మాట్లాడుతున్నది ట్రాన్సిస్టర్, ఐసీ సెట్ల గురించి, 6 నుంచి 12 వోల్టుల మీద నడిచేవాటి గురించి మాత్రమే. నాలుగు బ్యాటరీలు పడితే 6, ఆరు పడితే 9, ఎనిమిది పడితే 12. వీటిలో కూడా ట్రాన్స్‌ఫార్మర్‌కు గోడ వైపున్న వైర్లను ముట్టుకోవద్దు. పాత సెట్ల రెండు పిన్నుల వైరుకు ఎర్తు ఉండదు, ముప్పై ఏళ్ల ఇన్సులేషన్ మీద నాకు నమ్మకం లేదు. వాయించేటప్పుడు బ్యాటరీలే వాడండి, లేదా కొత్త 9 వోల్టుల అడాప్టర్. అడాప్టర్ పెడితే పిన్ను మధ్యలో ప్లస్సా మైనస్సా మీటర్‌తో చూడండి. పాత జపాన్ సెట్లు చాలావాటికి మధ్యలో మైనస్.

కూర్మన్నపాలెం | సోమవారం ఉదయం 7:40

పెట్టను మాస్టారూ. మంచి మాట చెప్పారు. అది అలా షోకేస్‌లోనే ఉంటుంది.

బీచ్ రోడ్ బేస్ | సోమవారం సాయంత్రం 6:10

ఉత్సాహం కోసం ఒకటి చెప్తాను. క్వీన్ బ్యాండ్ బేసిస్ట్ జాన్ డీకన్ 1970ల తొలినాళ్లలో చెత్తకుండీలో దొరికిన ఒక పోర్టబుల్ రేడియో బోర్డును చిన్న స్పీకర్ పెట్టెలో అమర్చి 9 వోల్టుల బ్యాటరీతో యాంప్ చేశాడు. ఆ బ్యాండ్ గిటారిస్ట్ బ్రయాన్ మే దాన్ని రికార్డింగుల్లో ఏళ్ల తరబడి వాడాడు. డీకన్ ఎలక్ట్రానిక్స్ చదివినవాడు. ఆ యాంప్ ముందు కూడా ఒక చిన్న బూస్టర్ ఉండేది. మన బఫర్ ఉన్న చోటే అన్నమాట. 1973లో వచ్చిన పిగ్‌నోస్ అనే చిన్న గిటార్ యాంప్ కూడా ఆరు పెన్సిల్ బ్యాటరీలు, ఐదంగుళాల స్పీకర్, ఐదు వాట్లే. మీ టూ-ఇన్-వన్‌కీ దానికీ దూరం ఎంతో లేదు.

మల్కాపురం తీగలు | గురువారం రాత్రి 10:05

నాలుగు రోజులు పట్టింది. డాబాగార్డెన్స్ వైపు వెళ్లి పార్టులు తెచ్చుకున్నాను. క్లీనర్ కొడితే బరబర పోయింది. టాగుల్ స్విచ్ కట్టాను, బోర్డు వేశాను, సప్లై సెట్‌లోని 9 వోల్టుల నుంచే తీసుకున్నాను. స్విచ్ గిటార్ వైపు వేసి వాల్యూమ్ కొంచెం పెంచేసరికి డుబ్ డుబ్ డుబ్ డుబ్. అచ్చం ఫిషింగ్ హార్బర్‌లో మరబోటు స్టార్ట్ చేసినట్టు. గిటార్ గుచ్చకపోయినా అదే. వాల్యూమ్ తగ్గిస్తే ఆగుతోంది. రేడియో వైపు వేస్తే ఏమీ లేదు. ఐసీ కాల్చేశానేమోనని టెన్షన్‌గా ఉంది.

కంచరపాలెం రిపేరు | గురువారం రాత్రి 10:30

కాలలేదు. దీన్ని మేమూ మోటారుబోటు అనే అంటాం, ఆ పేరే ఉంది. పవర్ ఐసీ ఒక దెబ్బ కొట్టినప్పుడల్లా సప్లై కిందికి వంగుతోంది. మీ బఫర్ కూడా అదే సప్లై తాగుతోంది కాబట్టి ఆ వంపును సిగ్నల్ అనుకుని మళ్లీ పవర్ ఐసీకి ఇస్తోంది. అది మళ్లీ కొడుతుంది. ఇలా తిరుగుతుంది.

రెండు పనులు చెయ్యండి. బఫర్‌కు పోయే 9 వోల్టుల వైరులో 100 ఓమ్ రెసిస్టెన్స్ వరుసగా పెట్టి, దాని తర్వాత గ్రౌండ్‌కు 220 మైక్రోఫారడ్ కండెన్సర్. రెండోది, సెట్ మెయిన్ కండెన్సర్ మార్చండి. 1000 లేదా 2200 మైక్రోఫారడ్ రాసి ఉంటుంది. ముప్పై ఏళ్లలో అది ఎండిపోయి ఉంటుంది. వోల్టేజీ పాతదానికి సమానమో ఎక్కువో ఉండాలి, తక్కువ మాత్రం కాకూడదు. ప్లస్ మైనస్ తిరగబడకుండా చూసుకోండి. బ్యాటరీలు కూడా కొత్తవేనా? సగం అయిపోయిన బ్యాటరీలకు కూడా బోటు స్టార్ట్ అవుతుంది.

మల్కాపురం తీగలు | శనివారం మధ్యాహ్నం 3:40

మాస్టారూ, బోటు ఆగిపోయింది.

ముందు 100 ఓమ్, 220 పెడితే చాలావరకు తగ్గింది, వాల్యూమ్ ముప్పావు దాటితే మళ్లీ వచ్చేది. పాత మెయిన్ కండెన్సర్ తీసి చూస్తే అడుగున గోధుమరంగు మరక, కారినట్టు. 2200 కొత్తది వేశాక పూర్తి వాల్యూమ్‌లో కూడా నిశ్శబ్దం. పవర్ ఐసీ మీద కేఏ 2206 అని ఉంది.

గిటార్ వినిపిస్తోంది. దుప్పటి లేదు. మెల్లగా మీటితే మెల్లగా, గట్టిగా మీటితే గట్టిగా. పూర్తిగా పెంచితే కొంచెం గరుకుగా విరుగుతోంది, అది నాకు చాలా నచ్చింది. ఈక్వలైజర్ మీటలు కూడా పనిచేస్తున్నాయి. వరండాలో కూర్చుని గంటన్నర వాయించాను. అమ్మ వంటింట్లోంచి వచ్చి తలుపు దగ్గర నిలబడింది, ఏమీ అనలేదు.

ఈసీఈ మూడో ఏడు | శనివారం సాయంత్రం 4:15

అద్భుతం అన్నా! కేఏ 2206 అంటే 9 వోల్టుల మీద నాలుగు ఓమ్‌ల స్పీకర్‌కు ఒక్కో వైపు 2.3 వాట్లు. డొక్కు మీద పీఎంపీఓ (క్షణకాలపు గరిష్ఠ పవర్) అని వందల వాట్లు రాసి ఉన్నా అసలు లెక్క ఇదే. ఇంట్లో సాధనకు ఇది ధారాళం. ఆ గరుకు పవర్ ఐసీ హద్దు దాటి కత్తిరిస్తోంది కాబట్టి వస్తోంది. కాసేపు ఫరవాలేదు, గంటలు గంటలు అలాగే వాయిస్తే ఐసీ వేడెక్కుతుంది. వెనక అల్యూమినియం రేకు ముట్టుకుని చూస్తుండండి. మీ సెట్‌లో చిన్న ట్వీటర్లు ఉంటే గరుకు శబ్దానికి వాటిని విప్పితే ఇంకా బాగుంటుంది, గిటార్ స్పీకర్లు 5 వేల హెర్ట్జ్ పైన పెద్దగా పలకవు.

క్యాసెట్ అభిమాని | శనివారం సాయంత్రం 5:00

క్యాసెట్ దొరికిందా?

మల్కాపురం తీగలు | శనివారం సాయంత్రం 5:25

దొరికింది. బీరువాలో చీరల కింద. బెల్టు మీరు చెప్పినట్టే తారైపోయింది, తుడిచాను, పాత బెల్టు చుట్టుకొలతను దారంతో కొలిచాను. కొత్త బెల్టు వచ్చాక పెడతాను. అప్పటిదాకా క్యాసెట్‌ను ఏ ప్లేయర్‌లోనూ పెట్టను.

క్యాసెట్ అభిమాని | శనివారం సాయంత్రం 5:40

మంచి పని. పెట్టేముందు హెడ్‌ను, రబ్బరు రోలర్‌ను స్పిరిట్‌తో తుడవండి. మొదట పనికిరాని క్యాసెట్ ఒకటి పూర్తిగా ఆడించి చూడండి, టేపు నమలడం లేదని తేలాకే నాన్నగారిది. మొదటిసారి ఆడించినప్పుడే ఇయర్‌ఫోన్ రంధ్రం నుంచి కంప్యూటర్‌లోకి రికార్డు చేసుకోండి.

సీతమ్మధార వీణ | ఆదివారం రాత్రి 9:10

మాది కూడా అయింది. మా తమ్ముడు సోల్డర్ చేసి ఇచ్చాడు, చిన్న స్టీలు డబ్బాలో. బిళ్లను మైనంతో గుర్రం పక్కన పెడితే మీటు గట్టిగా వచ్చింది, రెండంగుళాలు జరిపాక నాదం విచ్చుకుంది. మంద్ర పంచమం ఆ సెట్‌లోంచి వినబడేసరికి మా అమ్మాయి వాయించడం ఆపి నా వైపు చూసింది. గమకాలు కూడా స్పష్టంగా ఉన్నాయి. ఒక్కటే ఇబ్బంది: సెట్‌ను వీణకు ఎదురుగా పెట్టి వాల్యూమ్ పెంచితే కూత వస్తోంది. ఇంకా, రాత్రి డబ్బా అలాగే వదిలేస్తే పొద్దున్నకి బ్యాటరీ కొంచెం తగ్గుతోంది.

కంచరపాలెం రిపేరు | ఆదివారం రాత్రి 9:35

సంతోషం అమ్మా. కూతకు సెట్‌ను అమ్మాయి ముందు, జనం వైపు తిప్పి పెట్టండి, కుండకు స్పీకర్ గాలి తగలకూడదు. ఈక్వలైజర్ ఉంటే కింది మీటను కొంచెం దించండి.

బ్యాటరీకి అయితే ఎర్ర వైరు మధ్యలో ఒక చిన్న స్విచ్ పెట్టించండి. మర్చిపోతామనుకుంటే స్టీరియో పీ-38 జాక్ తెచ్చి, బ్యాటరీ నల్ల వైరును దాని మధ్య రింగుకు కట్టమనండి. మోనో ప్లగ్గు గుచ్చినప్పుడే గ్రౌండ్ కలుస్తుంది, తీయగానే బ్యాటరీ ఆగిపోతుంది. మీ తమ్ముడికి ఈ వాక్యం చూపిస్తే అర్థమవుతుంది. అర్థం కాకపోతే డబ్బా మూత తీసి ఒక ఫొటో ఇక్కడ పెట్టండి, ఏ కాలో గుర్తుపెట్టి చెప్తాను.